రెండో మాట

1997లో గుడ్‌ఫ్రైడే మార్చి 28న వచ్చింది. మర్నాడు శనివారం తెల్లవారకముందే ఇద్దరు యువకులను ఉరి తీయడానికి జైల్లో ఏర్పాట్లు జరిగిపోయాయి. వాళ్ళు చేసిన నేరాన్ని దేశమంతా చిలకలూరిపేట పేరుతోనే గుర్తుపెట్టుకుంది. 1993 మార్చి 8 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి పేటకు వస్తున్న ఆర్టీసీ బస్సును దోచుకోవాలని ఎక్కి, పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది ప్రయాణికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1995లో గుంటూరు సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష నిరాకరించారు. ఇక మిగిలింది తాడు.

ఆ గుడ్‌ఫ్రైడే మధ్యాహ్నం పేటలో ఒక చర్చిలో మూడు గంటల ఆరాధన జరుగుతుంటే, మగవాళ్ళ వైపు చివరి వరసలో డిగ్రీ చదివే కుర్రాడొకడు కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్నది ఆ కుర్రాడే. ఆ రోజు అతన్ని పట్టుకున్న అనుమానం ఇన్నేళ్ళయినా వదల్లేదు. పసితనం నుంచి తనను పెంచిన విశ్వాసం అధికారం ముందు లోబడమంటుందా, ఎదురు నిలవమంటుందా? రెండూ అంటుందని పెద్దలు చెప్పే జవాబు అతనికి తెలుసు. ఆ జవాబు ఆ మధ్యాహ్నం ఎవరికీ అక్కరకు రాలేదు.

ఆ ఆరాధన ఎలా సాగుతుందో తెలిసినవాళ్ళకు విడిగా చెప్పక్కర్లేదు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగికులు. పన్నెండింటికి మొదలు, మూడింటికి ముగింపు. మార్చి ఆఖరు. రేకుల కప్పు కింద ఫ్యాన్లు వేడిగాలినే తిప్పి కొడుతున్నాయి. ఆడవాళ్ళ వైపు అంతా తెల్లచీరలు. ఆరాధన క్రమం అచ్చువేసిన కాగితాలు అందరి చేతుల్లో విసనకర్రలయ్యాయి. చాపల మీద పిల్లలు అప్పటికే నిద్రపోయారు.

రెండో మాట సంఘ పెద్దల్లో ఒకాయన వంతు. రిటైరైన హెడ్‌మాస్టరు. మంచి మనిషి, గొంతు కూడా మంచిది. కుడివైపు సిలువ మీది దొంగకు యేసు పరదైసును వాగ్దానం చేసిన మాట అది. ఆయన ఆ దొంగ గురించే ఎక్కువ చెప్పారు. ఎడమవైపువాడు నిందిస్తుంటే కుడివైపువాడు గద్దించాడు గదా, మనకు పడింది న్యాయమైన శిక్షే అని ఒప్పుకున్నాడు గదా, అదే మారుమనస్సు అన్నారు. ప్రభుత్వం వేసిన శిక్షకు తల ఒగ్గాడు కాబట్టే ఆ దొంగకు ప్రభువు పక్కన చోటు దొరికిందన్నారు. పనిలో పనిగా, పై అధికారులకు లోబడమని పౌలు రాసిన రోమా పత్రిక 13వ అధ్యాయం కూడా తీశారు.

ఇద్దరు దోపిడీగాళ్ళు. శుక్రవారం. తెల్లవారితే మరణం. ఊరంతా వారం రోజులుగా ఎన్నార్టీ సెంటర్లో, మిల్లుల దగ్గర, బస్టాండులో ఆ ఉరి గురించే మాట్లాడుకుంటోంది. వేదిక మీదున్న ఆయనకూ తెలుసు, కింద కూర్చున్న వందల మందికీ తెలుసు. రెండు వేల ఏళ్ళ నాటి ఇద్దరు దొంగల గురించి పాతిక నిమిషాలు విన్నారు. ఆ రాత్రి గడిస్తే చనిపోబోయే ఇద్దరి గురించి ఒక్క మాట రాలేదు.

మాటకూ మాటకూ మధ్య ఎవరో ఒకరు ప్రార్థన చేయాలి. పేర్లు ముందే రాసి ఉండవు, ఆత్మ ప్రేరేపించినవాళ్ళు చేస్తారు. ముందు వరస చాప మీద నుంచి ఒక మామ్మ మోకాళ్ళ మీదికి లేచింది. మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చి రిటైరైన మనిషి. సంఘంలో పిల్లా పెద్దా అందరికీ ఆమె మామ్మే. కొంగు తల మీదికి లాక్కుని మొదలుపెట్టింది.

“తండ్రీ, ఆ బస్సులో కాలిపోయిన బిడ్డల తల్లుల కడుపుకోత నువ్వెరుగుదువు. వాళ్ళ కన్నీళ్ళు తుడవడం మా వల్ల కాదు, నువ్వే తుడవాల. ఆ పాపం చేసిన ఇద్దరు కూడా ఎవురో తల్లి కన్న బిడ్డలే నాయనా. చేశారు, తప్పు చేశారు, కాదంటంలా. రేపు తెల్లారేసరికి ఆ తాడు లాగే చెయ్యి ఉంటదే, ఆ చెయ్యి పట్టుకో తండ్రీ. పైనున్న పెద్దల చేతులు పట్టుకో...”

పాస్టరు అయ్యగారు తల తిప్పి హార్మోనియం వైపు చూశారు. చెయ్యి కూడా ఎత్తలేదు, చూశారు, అంతే. హార్మోనియం ఎత్తుకుంది. వెంటనే పాట అందుకున్నారు. పాట అందరికీ వచ్చిందే కాబట్టి చర్చి నిండిపోయింది. మామ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆమె ఆమెన్ ఎక్కడ పడిందో ఎవరికీ వినపడలేదు.

ఇంటికి నడుస్తుంటే ఆ కుర్రాడి తల్లి చాలాసేపు మాట్లాడలేదు. ఆమె ఎయిడెడ్ స్కూల్లో టీచరు. సందు మలుపులో ఆగి, “మామ్మను ఆపకుండా ఉండాల్సింది రా” అంది. “మరి నువ్వెందుకు అనలేదమ్మా, లేచి?” అని అడిగాడు వాడు. ఆమె వాడి ముఖం వైపు చూడలేదు. “ఉద్యోగం చేసేదాన్ని” అని మాత్రం అంది.

ఆ రాత్రి వాడు బైబిలు ముందేసుకుని కూర్చున్నాడు. తల్లి మీద కోపం, పెద్దాయన మీద కోపం, హార్మోనియం మీద కూడా కోపం. ఎక్కడో ఒకచోట ఆ పెద్దాయన తప్పు చెప్పాడని రుజువు దొరకాలి. దొరకడం కష్టం కాలేదు. సండేస్కూలు పిల్లలకు చెప్పే కథల్లో సగం ఎదురు నిలిచినవాళ్ళవే. మగపిల్లల్ని పుట్టగానే చంపమని ఫరో చెబితే షిఫ్రా, పూయా అనే మంత్రసానులు చంపలేదు సరిగదా, రాజు అడిగితే అబద్ధం చెప్పారు. హేరోదు తిరిగి వచ్చి కబురు చెప్పమంటే జ్ఞానులు వేరే దారిన వెళ్ళిపోయారు. రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనన్న ముగ్గురిని అగ్నిగుండంలో పడేశారు. మనుషులకు కాదు, దేవునికి లోబడాలని పేతురు సభ ముందే చెప్పాడు. క్రిస్మస్‌కు పిల్లలు జ్ఞానుల వేషాలు వేసుకుని స్టేజీ ఎక్కుతారు. చట్టం ప్రకారం చూస్తే రాజాజ్ఞను తోసిపుచ్చినవాళ్ళ వేషాలవి.

అలా అని రోమా 13 చెరిగిపోలేదు. అధికారి ఖడ్గం ఊరికే ధరించలేదన్న మాట అక్కడే ఉంది. ఆ రాత్రి ఆ మాట వాడి గొంతులో అడ్డం పడింది. ఎందుకంటే బస్సులో కాలిపోయిన 23 మందికి ఖడ్గం ధరించినవాడు తప్ప న్యాయం చేసేవాళ్ళు ఎవరున్నారు? వాళ్ళలో చాలామంది సామాన్యులే, రాత్రి బస్సెక్కి పొద్దుటికి ఇల్లు చేరదామనుకున్నవాళ్ళు. ఖడ్గం లేని లోకంలో అలాంటివాళ్ళే ముందు చచ్చిపోతారు. లోబడమన్న పౌలు మాట పిరికివాళ్ళ మాటని తేలిగ్గా తోసేయడం ఆ మాడిపోయిన బస్సు ముందు నిలబడి చేయగలిగిన పని కాదు.

ఈ చిక్కు దగ్గర చదువుకున్నవాళ్ళు సాధారణంగా ఉదాహరణ కోసం జర్మనీ వెళ్తారు. హిట్లరుకు ఎదురు నిలిచి 1945లో ఉరికంబమెక్కిన లూథరన్ పాస్టరు బాన్‌హోఫర్ పేరు చెప్పి, విశ్వాసమంటే ఇదీ అంటారు. ఆ పేరు గొప్పదే. కానీ దాన్ని అడ్డం పెట్టుకుంటే పేట ప్రశ్నకు జవాబు చెప్పకుండానే బయటపడొచ్చు. హిట్లరు లాంటి పాలకుడు ఎదురైతే ఏం చేయాలో అందరికీ తెలుసు. మార్చి 28న ఎదురుగా ఉన్నది హిట్లరు కాదు. మూడు కోర్టులు చూసి, సాక్షుల్ని విని, చట్టప్రకారం వేసిన శిక్ష.

పేటకు దగ్గరి చరిత్రలోకే వెళ్ళాలి.

గుంటూరు లూథరన్ మిషను పుట్టుక చూస్తే రోమా 13కు అది చక్కగా సరిపోతుంది. 1842 జూలై 31న హేయర్ దొర గుంటూరు వచ్చినప్పుడు ఆయనకు అండగా నిలిచింది జిల్లా కలెక్టరు హెన్రీ స్టోక్స్. ఆ తర్వాత హేయర్ పల్నాడుకు, గురజాలకు వెళ్ళాడు. అంటే ఈ ప్రాంతంలో చర్చి అధికారం నీడలోనే మొలకెత్తింది. లూథరు వారసత్వం కూడా ఆ నీడకు పరాయిది కాదు. 1521లో వర్మ్స్‌లో చక్రవర్తి ఎదుట తన మాట వెనక్కి తీసుకోనన్న లూథరే, 1525లో రైతులు తిరగబడితే వాళ్ళను అణచమని ప్రభువులకు రాశాడు. ఒక్క మనిషిలోనే నాలుగేళ్ళ తేడాలో రెండు జవాబులున్నాయి.

ఒంగోలు వైపు బాప్టిస్టుల కథ మరోలా మొదలైంది. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర వాళ్ళకు పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చెప్పుకోడానికి ఇవి మతం నియమాలు. ఊళ్ళో మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో సంకెల తెంచింది. ఆదివారం పనికి రానంటే వెట్టికి రానన్నట్టే. విగ్రహానికి మొక్కనంటే అమ్మవారి జాతరలో డప్పు కొట్టనన్నట్టే. కరణాలు, పెద్దరైతులు ఆ మాటను సరిగ్గానే అర్థం చేసుకున్నారు. కొట్టారు, బావుల దగ్గరికి రానీయలేదు, పనులు మాన్పించారు. అయినా ఆదివారం ఆదివారమే అయింది. బకింగ్‌హాం కాలువ తవ్వకం పనితో కరువు గట్టెక్కాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ కథను చాలాకాలం ఆ కుర్రాడు తన అనుమానానికి జవాబుగా దాచుకున్నాడు. ఎదిరించినవాళ్ళు ఎదిరించడానికి బయల్దేరలేదు. ఒక ఆజ్ఞకు లోబడితే చాలు, ఇంకో ఆజ్ఞ దానంతటదే విరిగిపోయింది. లోబడటం, ఎదిరించడం ఒకే కాడికి కట్టిన రెండు ఎద్దులని అతను సభల్లో కూడా చెప్పాడు. చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆ జవాబు కూడా వదులైపోయింది. ఆ మాదిగల వెనక మిషను ఉంది. దొర రాసిన ఉత్తరం కలెక్టరు బల్ల మీదికి చేరగలదని కరణానికి తెలుసు. చిన్న అధికారానికి ఎదురు నిలవడానికి పెద్ద అధికారం ఆసరా అయింది. అది తప్పని చెప్పే హక్కు ఎవరికీ లేదు, వీపు మీద కొరడా పడేవాడు ఏ కొమ్మ దొరికితే ఆ కొమ్మ పట్టుకుంటాడు. కానీ విశ్వాసం ఎవరి ఆసరా లేకుండా ఎదురు నిలిచిందా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

దానికి కారంచేడు ఉంది. పేట నుంచి చీరాల వెళ్ళే దారిలో పర్చూరు దాటితే వచ్చే ఊరు. 1985 జూలై 16న మాదిగలు తాగే చెరువు నీళ్ళను గొడ్ల కుడితితో పాడుచేస్తుంటే ఒక కుర్రాడు అదేమిటని అడిగాడు. వాణ్ణి కొట్టబోతే నీళ్ళకొచ్చిన ఒక స్త్రీ అడ్డం వచ్చింది. ఆమె మీదా చెయ్యెత్తారు. ఆమె తన చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు గూడెం మీద దాడి జరిగింది, ఆరుగురు దళితులను చంపారు. బిందె ఎత్తిన ఆమె పేరు సువార్త.

ఆ పేరు దగ్గర ఆగకుండా ముందుకు పోవడం కష్టం. చచ్చినవాళ్ళ పేర్లలో కూడా మోషే ఉంది. ఆ తల్లిదండ్రులు పిల్లలకు ఆ పేర్లు పెట్టేటప్పుడు బిందెల గురించీ, ఫరోల గురించీ ఆలోచించి ఉండరు. ఆదివారం విన్న పేరు, చెవికి ఇంపుగా ఉన్న పేరు, పెట్టుకున్నారు. ప్రాణాలు చేతపట్టుకుని పారిపోయి వచ్చినవాళ్ళు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ ఆవరణలో రగిలిన కోపంలోంచే దళిత మహాసభ వచ్చింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు దాన్ని నడిపారు. చర్చి గోడలు నీడనిచ్చాయి. గొంతునిచ్చింది మాత్రం చర్చి బయటి మనుషులు, వాళ్ళలో దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా ఉన్నారు. విశ్వాసి ఈ నిజాన్ని దాచిపెట్టకూడదు.

ఖడ్గం సంగతి కూడా కారంచేడు దగ్గరే తేటపడుతుంది. బస్సు దహనం కేసు 1993లో జరిగితే 1996కల్లా సుప్రీంకోర్టు తేల్చేసింది. కారంచేడు కేసు 1985లో జరిగితే సుప్రీంకోర్టు ఆఖరి మాట 2008లో వచ్చింది. చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపితే కింది కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఒక కేసుకు 3 ఏళ్ళు. ఒక కేసుకు 23 ఏళ్ళు. మరో కేసులో దోషులే లేరు. అధికారి ఖడ్గం ఊరికే ధరించలేదన్న మాటను గూడెంలో చదివితే ఒకలా వినపడుతుంది, ఊళ్ళో చదివితే ఒకలా వినపడుతుంది. ఉరికంబం దాకా వెళ్ళిన ఆ ఇద్దరు కూడా దళితులే.

అయితే, బస్సులో చనిపోయిన 23 మంది కారంచేడులో ఎవరినీ చంపలేదు. ఈ లెక్క చెప్పినప్పుడల్లా ఈ వ్యాసకర్త తనను తాను ఇక్కడే ఆపుకుంటాడు. ఒక అన్యాయాన్ని తూకంరాయిగా వేసి ఇంకో అన్యాయం బరువు తగ్గించడం అతనికి చేతకాలేదు.

మరి మార్చి 28న చర్చి ఎందుకు నోరు విప్పలేదు? రోమా 13కు లోబడిందా? చాలా ఏళ్ళు అతను అలాగే అనుకున్నాడు, వచనం మీద పోట్లాడుతూ గడిపాడు. తర్వాత అమ్మ మాట గుర్తొచ్చింది. ఉద్యోగం చేసేదాన్ని. ఆమె పౌలు పేరెత్తలేదు. ఆ చర్చి బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో టీచర్లు, గుమాస్తాలు, కండక్టర్లు, నర్సులు ఉన్నారు. ఒక తరం కిందట వెట్టి చేసిన ఇళ్ళలోంచి వచ్చి, చదువు పట్టుకుని, ప్రభుత్వ జీతం పట్టుకుని నిలబడ్డవాళ్ళు. వాళ్ళ బతుకుల్లో ప్రతి మలుపులోనూ ఒక ఆఫీసరు సంతకం ఉంది.

ఆ సంతకాల్లోకెల్లా బరువైనది కుల ధ్రువపత్రం మీది సంతకం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉండటానికి వీల్లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తలుపు తీశారు, క్రైస్తవులకు తియ్యలేదు. మాదిగపల్లెలో పుట్టి, మాదిగగానే తన్నులు తిని, ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి కాగితం మీద హిందువుగా ఉండాలి. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని చెప్పింది. నాణెం చూపించి దీని మీద బొమ్మ ఎవరిదని యేసు అడిగాడు. పల్నాడులో ఆ నాణెం ఈ కాగితమే. దాని మీద బొమ్మ కైసరుది, పేరు మాత్రం కూడూ గుడ్డా కోసం మనిషి తాకట్టు పెట్టుకున్న తన పేరు. ఇలాంటి కాగితం బీరువాలో ఉన్నవాళ్ళను, లేచి నిలబడి రాష్ట్రపతి నిర్ణయం తప్పని ప్రార్థించమని అడగడం తేలిక కాదు.

అంటే వచనం కాదు, భయం. ఇది తెలిసినప్పుడు అతనికి ఒక రకంగా ఊరట కలిగింది. అనుమానం తీరిపోయినట్టే అనిపించింది. విశ్వాసం లోబడమనీ చెప్పదు, ఎదిరించమనీ చెప్పదు, కడుపు ఏది చెబితే దానికి వచనం వెతుక్కుంటారు, అంతే అనుకున్నాడు. కానీ ఆ మాట నిలవలేదు. అందరికంటే భయపడాల్సిన మనిషి మామ్మ. పెన్షన్ కోసం ప్రతి నెలా లైన్లో నిలబడేది. ఆమె వెనక మిషనూ లేదు, సంఘమూ లేదు, ఇంట్లో సంపాదించే మగదిక్కు కూడా లేదు. ఆమెకు రోమా 13 తెలియక కాదు. ఆ అధ్యాయం అదే చర్చిలో ఎన్నోసార్లు విన్నది. విని కూడా మోకాళ్ళ మీదికి లేచింది.

ఉరికి కొన్ని గంటల ముందు సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. పౌరహక్కుల సంఘాలు పరుగులు పెట్టి తెచ్చిన స్టే అది. శనివారం కబురు పేటకు వచ్చింది. టీ కొట్టు దగ్గర పేపరు చుట్టూ జనం. అక్కడ ఒక పెద్ద మనిషి, మిల్లులో పనిచేసేవాడు, గ్లాసు బల్ల మీద పెట్టి, ఎవరినీ చూడకుండా అడిగాడు.

“మరి కాలిపోయినోళ్ళకు స్టే ఎవురిచ్చారయ్యా?”

ఎవరూ బదులు చెప్పలేదు. ఆ కుర్రాడు కూడా చెప్పలేదు. నిన్న మధ్యాహ్నం ఆ హార్మోనియం మీద కోపంతో ఊగిపోయినవాడు, ఇవాళ ఈ ప్రశ్న ముందు నోరు తెరవలేకపోయాడు. ఇప్పటికీ అతని దగ్గర జవాబు లేదు. మామ్మ తన ప్రార్థనను ఆ తల్లులతో ఎందుకు మొదలుపెట్టిందో మాత్రం ఆ టీ కొట్టు దగ్గరే అర్థమైంది. ఆమె ఆ పెద్ద మనిషి ప్రశ్నను ముందే దేవుడి ముందు పెట్టింది. పెట్టాకే మిగతాది అడిగింది.

ఆ తర్వాత ఆ ఇద్దరి ప్రాణాల కోసం మళ్ళీ విన్నపాలు వెళ్ళాయి. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి వాళ్ళ తరఫున రాష్ట్రపతిని వేడుకున్నారు. కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉండగా, 1998లో, ఉరిశిక్ష యావజ్జీవ శిక్షగా మారింది.

వేడుకోవడం. ఈ మాట దగ్గర అతను చాలాకాలం ఇబ్బంది పడ్డాడు. క్షమాభిక్ష అన్న మాటలో భిక్ష ఉంది. చెయ్యి చాచడం ఉంది. కరణం ముందు చెయ్యి చాచనని 1870ల్లో ఆదివారాన్ని పట్టుకున్నవాళ్ళ మనవళ్ళు మళ్ళీ పైవాళ్ళ ముందు చెయ్యి చాచడమా అనిపించేది. తర్వాత ఒక ఆదివారం ఆరాధన క్రమంలో విజ్ఞాపన ప్రార్థన అన్న శీర్షిక దగ్గర కళ్ళు ఆగాయి. రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమని తిమోతికి రాసిన చోట తెలుగు బైబిల్లో ఉన్నది ఆ మాటే, విజ్ఞాపన. ఎమ్మార్వో ఆఫీసులో రాసిచ్చేదీ విజ్ఞాపనే. మోకాళ్ళ మీద చేసేదానికీ, స్టాంపు వేయించి ఇచ్చేదానికీ తెలుగులో ఒకే పేరు.

అక్కడి నుంచి చదివితే రోమా 13 రాసినవాడు కూడా కొత్తగా కనిపించాడు. ఫిలిప్పీలో పౌలును కొట్టించి జైల్లో వేశారు. మర్నాడు గుట్టుగా వెళ్ళిపొమ్మంటే, పోనన్నాడు. విచారణ లేకుండా కొట్టినవాళ్ళే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. ఆఖరికి కైసరు ఎదుట చెప్పుకుంటానని అప్పీలు చేసుకున్నాడు. లోబడమన్నవాడే అప్పీలుకు వెళ్ళాడు. అధికారం దేవుడిచ్చిందని నమ్మాడు కాబట్టే, దాన్ని ఆ దేవుడి పేరు మీద నిలదీయవచ్చనుకున్నాడేమో. సొదొమ కోసం అబ్రాహాము యాభై మందితో మొదలుపెట్టి పదిమంది దాకా దిగుతూ బేరమాడాడు. న్యాయం పట్టని న్యాయాధిపతి గుమ్మం ముందు విధవరాలు రోజూ నిలబడింది. ఎవరూ గుమ్మం పగలగొట్టలేదు, గుమ్మం వదిలీ వెళ్ళలేదు.

చెయ్యి పట్టుకో అంది మామ్మ. తెలుగులో ఆ మాటకు రెండు అర్థాలూ ఉన్నాయి. తండ్రి కొట్టడానికి చెయ్యెత్తితే చిన్నది పరిగెత్తుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుంటుంది, వద్దు నాన్నా అని. అది ఎదిరించడమా, బతిమాలడమా? పట్టుకున్న వేళ్ళ బలం చూస్తే ఎదిరించడం. ముఖం చూస్తే బతిమాలడం. ఆ పిల్లను అడిగితే ప్రశ్నే అర్థం కాదు.

ఇలా తేల్చుకుని ఊపిరి పీల్చుకుందామంటే కారంచేడు చెరువు గుర్తొస్తుంది. అక్కడ సువార్త ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, బిందె ఎత్తింది. పట్టుకుంటే ఆ చెయ్యి ఆగేది కాదు. వేడుకుంటే వినే చెవి ఒకటి ఎదుట ఉందని నమ్మకం ఉన్నచోటే విజ్ఞాపన పనిచేస్తుంది. ఉరికంబం దాకా పోయిన ఇద్దరికి ఆ చెవి దొరికింది. కారంచేడులో ఆరుగురికి దొరకలేదు. మామ్మ ప్రార్థనలో ఒక విశ్వాసం ఉంది, సువార్త బిందెలో ఒక విశ్వాసం ఉంది, రెంటినీ ఒకే సూత్రంలో కట్టే దారం అతనికి దొరకలేదు. దొరికిందని రాస్తే అది అబద్ధమవుతుంది.

మామ్మ ఇప్పుడు లేదు. అమ్మ రిటైరైంది. ఆ పెద్దాయనా లేరు. ఆయన మీద కోపం కూడా పోయింది. శిక్షను ఒప్పుకున్న దొంగ గురించి ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ దొంగ తన శిక్ష న్యాయమేనన్నాడు, నిజమే. అంతటితో ఆగలేదు గదా. పక్కనున్నవాడికి పడిన శిక్ష అన్యాయమని కూడా అదే నోటితో అన్నాడు. రోమా సైనికులు వింటుండగా, కోర్టు తీర్పు తప్పని, ఆ రోజు గొల్గొతాలో పైకి చెప్పింది ఆ నేరస్థుడు. ఆ సగాన్ని పెద్దాయన చెప్పలేదు.

ఈ మధ్య ఒక గుడ్‌ఫ్రైడేకు ఆ చర్చిలోనే రెండో మాట ఈ వ్యాసకర్తకు ఇచ్చారు. ఇరవై నిమిషాలు మించకూడదని అయ్యగారు ముందే చెప్పారు. ఈ అయ్యగారు వేరే, చిన్నవాడు, మర్యాదస్థుడు. రేకుల కప్పు పోయి స్లాబు వచ్చింది. హార్మోనియం పోయి కీబోర్డు వచ్చింది. దాని ముందు ఇంటర్ చదివే కుర్రాడు కూర్చుని వైర్లు సరిచేసుకుంటున్నాడు.

ఆరాధన మొదలుకాకముందు ఈ వ్యాసకర్త వాడి దగ్గరికి వెళ్ళాడు. “బాబూ, రెండో మాట అయ్యాక ఎవరన్నా ప్రార్థన చేస్తారు. ఎవరైనా సరే, ఎంతసేపైనా సరే. వాళ్ళు ఆమెన్ అనేదాకా మీట ముట్టుకోకు” అన్నాడు.

వాడు తల ఊపాడు. వైరు గుచ్చుతూ గుచ్చుతూ ఆగి తల ఎత్తాడు.

“అయ్యగారు నా వైపు చూస్తే ఏం చెయ్యాలన్నా?”